కిటికీ ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి

ఇల్లూ ఆరోగ్యమూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంటిలోపలి గాలిని గురించి సందేహాలు రాయమని గత నెల కోరినప్పుడు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గోదావరి కాలువల కింది ఊళ్ళ నుంచే వచ్చాయి. రాసినవారిలో చాలామంది ఏ యంత్రం కొనాలో చెప్పమన్నారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: మన డెల్టా ఇళ్ళకు ఉన్న బాధలు ప్రధానంగా రెండు, ఒకటి మనం ఇంట్లో మనంతట మనమే పెట్టుకునే పొగ, రెండవది నేల నుంచీ గోడ నుంచీ వచ్చే చెమ్మ. ఈ రెండింటిలో దేనికీ యంత్రం మొదటి మందు కాదు.

*ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారములు. మా మామగారి కాలం నాటి మండువా లోగిలి తీసివేసి రెండేళ్ళ క్రితం డాబా కట్టుకున్నాము. పడకగదికి ఏసీ పెట్టించి, సందులేకుండా అద్దాల కిటికీలు బిగించాము. అప్పటి నుంచి తెల్లవారి లేచేసరికి నాకు తల బరువుగా ఉంటోంది, మా వారికి ఆగకుండా తుమ్ములు వస్తున్నాయి. దోమల బాధకు కాయిల్ వెలిగించి తలుపు వేసుకుంటాము. మా కోడలు ఎయిర్ ప్యూరిఫైయర్ కొందామంటోంది. కొనమంటారా? — ఒక గృహిణి, పాలకొల్లు*

అమ్మా, మీ ఉత్తరంలో జబ్బూ కారణమూ రెండూ పక్కపక్క వాక్యాలలోనే ఉన్నాయి. మూసిన గదిలో కాయిల్ వెలిగించడం ముందు మానాలి. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం ఒక్క కాయిల్ పూర్తిగా కాలేసరికి విడిచే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లు విడిచేదానితో సమానం. ఇంట్లో ఎవరైనా చుట్ట వెలిగిస్తే అరుగు మీదకు పంపే మనం, దీనిని మాత్రం మంచం కింద పెట్టుకుని నిద్రపోతున్నాము. అలాగని దోమలను భరించమని నేను చెప్పను, బోదకాలును దగ్గరగా చూసిన నేల మనది. దోమతెర కట్టుకోండి, కిటికీలకూ వెంటిలేటర్లకూ సన్నని జాలీ కొట్టించండి. కరెంటు ప్లగ్గుకు పెట్టే ద్రవం మందులో పొగ లేకపోయినా పురుగుమందు ఆవిరి ఉంటుంది కాబట్టి, దానిని సాయంత్రం దోమలు చొరబడే గంటన్నర సేపు కిటికీ ఓరగా తెరిచి ఉంచి వాడి, పడుకునే ముందు తీసివేయడం మేలు.

ఇక ఏసీ సంగతి. గోడకు తగిలించే ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. అది తేదు. గదిలో ఉన్న గాలినే తీసుకుని, చల్లబరచి, మళ్ళీ ఆ గదిలోకే వదులుతుంది, బయట ఉన్న పెట్టె వేడిని పారవేయడానికే ఉంది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పది లక్షల పాళ్ళలో 420 పాళ్ళకు కొంచెం పైన ఉంటే, పన్నెండడుగుల గదిలో తలుపులు బిగించి ఇద్దరు పడుకున్నప్పుడు అది నాలుగైదు గంటలలో 2000 దాటడం వింతేమీ కాదు. ఈ మోతాదులో అది విషం కాకపోయినా, గది గాలి మారడం లేదనడానికి అది సాక్ష్యం, తెల్లవారి తల బరువుకు కూడా తరచుగా అదే మూలం. మీ పాత మండువాలో నడుమ ఆకాశం కనబడేది, వేడెక్కిన గాలి ఆ కంత గుండా పైకి పోతూ వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ కొత్త గాలిని లాక్కునేది. దాని కోసం ఎవరూ స్విచ్చి వేయవలసిన అవసరం ఉండేది కాదు. డాబాలో ఆ పని మీరే చేయాలి. పడుకునే ముందు అరగంట ఎదురెదురు కిటికీలు తీసి ఉంచండి, ఏసీ వేసుకున్నాక గది తలుపును రెండు వేళ్ళ సందు మేర తెరిచి ఉంచండి. కరెంటు బిల్లు కొద్దిగా పెరుగుతుంది, దానిని ఖర్చు అనుకోకండి.

మీవారి తుమ్ములకు కాయిల్‌తో పాటు మరొక అనుమానితుడు కూడా ఉన్నాడు. పరుపులలోనూ దిండ్లలోనూ డస్ట్ మైట్లు అనే కంటికి ఆనని పురుగులు ఉంటాయి, మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచోట అవి తామరతంపరగా పెరుగుతాయి, మన ప్రాంతంలో తేమకు ఏనాడూ కొరత లేదు. దుప్పట్లు, గలేబులు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతికించి, పరుపును ఎండ ఉన్న రోజు మేడ మీద వేయించి, ఏసీ ముందు భాగంలోని జాలీని పదిహేను రోజులకొకసారి కుళాయి కింద కడగండి.

ఇవన్నీ చేసి నెల రోజులు చూసిన తరువాత కూడా బాధ తగ్గకపోతే కోడలి మాట విందురు గాని. మంచి ప్యూరిఫైయర్‌లో ఉండే హెపా ఫిల్టరు మైక్రానులో మూడో వంతు పరిమాణం గల రేణువులను కూడా 99.97 శాతం వరకు పట్టుకుంటుంది. అయితే అది బొగ్గుపులుసు వాయువును తీయదు, చెమ్మను తీయదు, కాయిల్ పక్కనే వెలుగుతుంటే ఒకవైపు నుంచి చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. కొంటే పెట్టె అందం కాకుండా, అది గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుద్ధమైన గాలిని ఇస్తుందో చెప్పే సీఏడీఆర్ అంకెను చూడండి. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలో సుమారు 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది, అది గంటకు ఐదుసార్లు వడకట్టబడాలంటే ఆ అంకె 200కు తగ్గకూడదు. ఓజోను విడిచి గాలిని శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే వాటిని దగ్గరకు రానివ్వకండి, ఓజోను ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువు.

*ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామము. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడవ ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మా వీధిలోకి వరద వచ్చినట్టే. ఈసారి ఇంట్లో మోకాలి లోతున నాలుగు రోజులు నిలిచింది. నీరు తీసి రెండు నెలలైనా గోడల మీద నల్లటి బూజు, గదులలో ముక్కిపోయిన వాసన పోలేదు. మా నాన్నగారికి ఉబ్బసం ఉంది. మంచి రంగు వేయిస్తే పోతుందా? — ఒక కొబ్బరి రైతు*

పోదు, పైగా ఆ రంగు డబ్బు వరదలో వేసినట్టే. ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే లంకలలోనే కాకుండా భూగర్భ నీటిమట్టం మూడు నాలుగు అడుగుల లోతులోనే ఉండే డెల్టా ఊళ్ళలో వరద ముఖం చూడని ఇళ్ళకు కూడా ఇదే బాధ ఉంది.

మనం సాలెగూటినీ, ఆవకాయ మీద తెల్లగా లేచేదాన్నీ ఒకే మాటతో బూజు అంటాము. మీ గోడ మీది నల్లటిది రెండో రకం, ప్రాణమున్న శిలీంధ్రం. దానిని పొడి చీపురుతో దులిపితే కోట్ల కొద్దీ బీజాలు గాలిలోకి లేచి, అవి ముందుగా చేరేది మీ నాన్నగారి ఛాతీలోకే. కాబట్టి శుభ్రం చేసే రోజున ఆయనను బంధువుల ఇంటికి పంపండి. శుభ్రం చేసేవారు ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తీసి, గోడను ముందు తడిపి, సబ్బునీళ్ళతో బ్రష్షు పెట్టి రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయాలి. బ్లీచింగ్ పౌడరు నీళ్ళు వాడితే వాడండి కాని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను దానితో ఎంతమాత్రం కలపకండి, కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణాంతకం.

నాలుగు రోజులు నానిన దూది పరుపులు, దిండ్లు, ప్లైవుడ్ బీరువాలు దాచుకోకండి. తడిసిన వస్తువు మీద శిలీంధ్రం మొలకెత్తడానికి ఒకటి రెండు రోజులు చాలు. పరుపుల మీద మమకారం నాకు తెలియనిది కాదు, మా ఇంట్లో అమ్మ పెళ్ళినాటి బూరుగు దూది పరుపును చూస్తూ చూస్తూ పారవేయలేక ఒక వేసవి అంతా మేడ మీద ఎండబెట్టాము. వాసన మాత్రం పోలేదు.

తరువాతి పని గోడను ఆరనివ్వడం. ఇటుక గోడ పైపైన రెండు రోజులలో పొడిగా కనిపించినా లోపలి తడి ఆరడానికి నెలలు పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన ఉపాయం ఉంది: అడుగు చదరపు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలివేయండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే తడి గోడలో ఉంది. బయటి వైపు కనిపిస్తే తడి గదిలోని గాలిలో ఉంది, అప్పుడు గోడకు కాక గదికి వైద్యం చేయాలి. ఇక్కడ కిటికీ వేళ చాలా ముఖ్యం. శ్రావణ భాద్రపదాలలో రాత్రిపూట కిటికీలు తెరిచి పెడితే బయటి తేమ గాలి లోపలికి వచ్చి గోడను మరింత తడుపుతుంది. గాలిలో తేమ తగ్గేది ఎండ బాగా ఎక్కిన తరువాతే కనుక, పదకొండు గంటల నుంచి నాలుగు గంటల వరకు అన్నీ తెరిచి, ఫ్యాను గోడ వైపు తిప్పి వేసి, పొద్దు వాలగానే మూసివేయండి. మంచాలను, బీరువాలను గోడకు జానెడు దూరం జరపండి, వాటి వెనక గాలి ఆడని చోటే బూజు మొదట పుడుతుంది.

రంగు మాట సంక్రాంతి దాటి మాఘమాసపు ఎండలు వచ్చాక చూసుకోండి. అప్పుడు కూడా ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, అది గోడకు రెయిన్‌కోటు తొడిగినట్టు లోపలి తడిని లోపలే బంధిస్తుంది, మరుసటి ఏడు పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది. మన తాతలు వేసిన వెల్ల సున్నమే ఇటువంటి ఇంటికి తగినది. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది, దాని క్షారగుణం శిలీంధ్రానికి గిట్టదు. వరద లేని ఇళ్ళలో నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు ఉప్పు పొంగి చెమ్మ గీత కనిపిస్తే, పునాది మీద తడి ఎక్కకుండా వేయవలసిన డీపీసీ పొర లేదనో చెడిపోయిందనో అర్థం. దాని మీద సిమెంటు పూత వేయిస్తే తడి పోదు సరికదా, ఆ పూత పైఅంచు దాకా ఎక్కుతుంది. అటువంటి ఇంటికి మేస్త్రి కన్నా ముందు ఇంజనీరును పిలవండి.

*ప్రశ్న: స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ కుండీలు గదిలో పెడితే గాలి శుభ్రమవుతుందని అమ్ముతున్నాము. నిజమేనా? — ఒక నర్సరీ కార్మికుడు, కడియపులంక*

నిజాయితీగా అడిగారు. ఈ మాటకు మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. అందులో మొక్కలను గాలి చొరని చిన్న పెట్టెలలో ఉంచి పరీక్షించారు. 2019లో వెలువడిన ఒక సమీక్ష లెక్కకట్టిన ప్రకారం, ఒక కిటికీ చేసే పనిని మొక్కలు చేయాలంటే ప్రతి చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. అన్ని మొక్కలు కడియంలో దొరకవచ్చు కాని, గదిలో మంచానికి చోటుండదు. కంటికి ఇంపుగా ఉంటాయని చెప్పి అమ్మండి, ఆ మాట అబద్ధం కాదు.

*ప్రశ్న: మా పాపకు ఇరవై రోజులు. స్నానం చేయించాక మా అత్తయ్య గారు రోజూ నిప్పుల మీద సాంబ్రాణి వేసి పాపకు ధూపం పడతారు. పాప దగ్గుతోంది. వద్దంటే ఆవిడ నొచ్చుకుంటారు. ఏమి చేయాలి? — ఒక బాలింతరాలు, అమలాపురం*

పుట్టిన బిడ్డ నిమిషానికి 40 సార్లకు అటూ ఇటూగా ఊపిరి తీస్తుంది, అంటే పెద్దవారి కంటే రెండు మూడు రెట్లు. శరీరం బరువుతో పోల్చి చూస్తే అదే పొగ పాపలోకి మనకంటే ఎక్కువ పోతుంది. తలుపు వేసిన బాలింత గదిలో బొగ్గు నిప్పులు ఉంటే సాంబ్రాణి పొగతో పాటు రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా చేరుతుంది. మీ అత్తయ్య గారి ఉద్దేశం తల తడి ఆరాలని, జలుబు చేయకూడదని. ఆ పని మెత్తటి పొడి గుడ్డ చేస్తుంది. అయినా కొత్త కోడలు చెప్పిన మాట కంటే డాక్టరు చెప్పిన మాట ఆవిడకు తేలికగా ఎక్కుతుంది, ఈసారి టీకాకు వెళ్ళినప్పుడు ఆవిడను వెంట తీసుకువెళ్ళి ఆవిడ ముందే అడగండి. ధూపం మానలేమంటే పెరట్లో తులసికోట దగ్గర వేసి, పొగ పోయాక పాపను బయటకు తేవచ్చు.

మీరు అడగని మరొక మాట చెబుతాను, నా ఉద్దేశంలో ఇది సాంబ్రాణి కన్నా ముఖ్యమైనది. బిడ్డను చుట్టడానికి పెట్టెలోంచి పాత మెత్తటి చీరలు తీయడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఆ చీరల మడతలలో కలరా ఉండలు వేసి ఉంటే, వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి గుడ్డకు పట్టి ఉంటుంది. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన శిశువులలో అది ఎర్ర రక్తకణాలను చితికించి తీవ్రమైన పచ్చకామెర్లు తెప్పించగలదు, ఆ లోపం ఉన్నట్టు బిడ్డను చూస్తే తెలియదు. ఏ గుడ్డనైనా ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరవేసి మాత్రమే పాపకు వాడండి, ఆ పెట్టెను పాప గదిలోంచి తీయించండి. పాప కళ్ళు పచ్చబడినా, పాలు తాగక మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

*ప్రశ్న: మా వీధి చివర ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. తెల్లవారేసరికి మేడ నిండా నల్లటి నుసి. సార్వా కోతలయ్యాక ఊరి చుట్టూ గడ్డి తగలబెడతారు. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే పొగ. — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు ప్రాంతం*

మేడ మీద కనిపించే నుసి ఊక బూడిద. అది బట్టలను పాడు చేస్తుంది, కళ్ళలో పడితే మండుతుంది కాని, పెద్ద రేణువు కావడం వల్ల చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. భయపడవలసింది కనిపించని దానికి, అంటే రెండున్నర మైక్రానుల లోపు ఉండి, వెంట్రుక మందంలో ఇరవై ముప్పయ్యవ వంతు మాత్రమే అయి, ఊపిరితిత్తుల అడుగు దాకా చేరే ధూళికి. ఒక రోజు సగటున ఘనపు మీటరు గాలిలో అది 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15కు మించకూడదంది. గడ్డి పొగ నిండా ఉండేది ఈ సన్నని ధూళే. కోత మిషన్లు వచ్చాక పశువుల మేతకు కట్టలు కట్టే గడ్డి తగ్గి, సార్వా తరువాతి దాళ్వా పంట నాట్లకు తొందరపడి చేలోనే అంటించడం పెరిగింది. రైతును ఒక్కడినే నిందించి లాభం లేదు.

మీ ప్రశ్నకు జవాబు గడియారంలో ఉంది. కార్తీక మార్గశిరాలలో రాత్రి నేల చల్లబడి, దాని మీద చల్లగాలి, ఆ పైన వెచ్చగాలి మూతలా పరుచుకుంటాయి. సాయంత్రం పెట్టిన పొగ ఆ మూత కింద తెల్లవారి ఎండ ఎక్కే వరకు ఊరిమీదనే ఉంటుంది. అందుచేత ఆ రెండు నెలలూ పొద్దు వాలకముందే కిటికీలు మూసి, ఉదయం తొమ్మిది పది దాటి మంచు విడిచిన తరువాత తెరిచి, మధ్యాహ్నం సముద్రపు గాలి తగిలే వేళ ఇల్లంతా గాలి ఆడనివ్వండి. తెల్లవారుజామున నడకకు వెళ్ళే అలవాటు ఉంటే ఆ రోజులలో సాయంత్రం నాలుగింటికి మార్చుకోండి. ఇల్లు పొడి చీపురుతో ఊడిస్తే పడిన ధూళి మళ్ళీ లేస్తుంది కనుక తడిగుడ్డ పెట్టించండి. రాజమహేంద్రవరంలో నిరంతరం గాలిని కొలిచే కేంద్రం ఉంది, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో ఆ అంకె చూడవచ్చు, మీ వీధి మిల్లు సంగతి మాత్రం అది చెప్పదు. మిల్లు గొట్టం నుంచి నుసి ఆగకపోతే తేదీలు వేసి, ఫొటోలు జతచేసి, వీధివారందరి సంతకాలతో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. ప్యూరిఫైయర్ కొనవచ్చునని నేను ఒప్పుకునే సందర్భం కూడా ఇదే: ఇంట్లో ఉబ్బసం రోగి ఉంటే, ఆయన పడుకునే ఒక్క గదికి, ఆ కొద్ది వారాలకు.

*ప్రశ్న: వంటింట్లో చిమ్నీ పెట్టించినా పోపు ఘాటు హాలంతా వస్తోంది. మా అమ్మ పెరటి వసారాలో కొబ్బరి డొక్కలతో నీళ్ళు కాస్తుంది, ఆ పొగ కూడా లోపలికే. — ఒక ఉద్యోగిని, భీమవరం*

ముందు ఆ చిమ్నీ గొట్టం ఎక్కడ తేలిందో చూడండి. మా ఇంట్లో బిగించిన మనిషి గొట్టాన్ని గోడ అవతలకు తీయకుండా అటక మీదనే వదిలి వెళ్ళిపోయాడు. అక్కడి ఆవకాయ జాడీల మీద నూనె జిడ్డు పేరుకున్నాక గాని ఆ సంగతి మాకు తెలియలేదు. గొట్టమే లేని రకం చిమ్నీ జిడ్డును కొంత పట్టి మిగిలిన గాలిని వంటింట్లోకే వదులుతుంది, గ్యాసు మండితే వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ను అది ఆపలేదు. దానికన్నా గోడకు ఎత్తున పెట్టిన మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను నయం. అయితే ఫ్యాను గాలిని బయటకు నెట్టాలంటే మరోవైపు నుంచి లోపలికి రావడానికి దారి ఉండాలి. పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ తెరిచి, పక్కనే ఉన్న కిటికీ మూసి, మూకుడు పెట్టే ముందే ఫ్యాను వేసి, దించిన తరువాత పది నిమిషాలు తిరగనివ్వండి. గిన్నెల అడుగున మసి పడుతున్నా, మంట నీలంగా కాక పసుపుగా ఉన్నా బర్నరు కంతలు పూడుకున్నాయని గ్రహించి శుభ్రం చేయించండి.

మీ అమ్మగారి డొక్కల పొయ్యి విషయంలో నాకు కొంత పక్షపాతం ఉంది, పులస పులుసుకు కట్టెల పొయ్యిని మించినది లేదని నమ్మేవాడిని నేను. కాని ఏడాదికి ఒకటి రెండుసార్లు వండే పులుసు వేరు, రోజూ కాచే కాగు వేరు. ప్రపంచవ్యాప్తంగా వంట పొయ్యిల పొగ వల్ల 2020లో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వసారా అంటే మూడు వైపులా గోడ ఉన్న గదే, పైన కప్పు ఉన్నంత కాలం పొగ వంటింటి కిటికీనే వెతుక్కుంటుంది. పొయ్యిని ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, చెట్టు కింద, గాలి ఇంటి మీదకు కొట్టని వైపుకు మార్పించండి. డొక్కలు పూర్తిగా ఎండినవే వాడమనండి, పచ్చి డొక్క వేడి కన్నా పొగే ఎక్కువ ఇస్తుంది. వానాకాలంలో అవి తడవకుండా దాచుకోవడానికి నాలుగు రేకులు వేయించి ఇస్తే, వసారా ఖాళీ చేయడానికి ఆవిడ ఒప్పుకోవచ్చు.